ధూమపాన వ్యసనము కలదా?

సూరాడ ధనంజయం ఆ ఒక్క మాట రాయకుండా ఉండి ఉంటే ఈ కథ లేదు. రాశాడు. రాసి, పెన్నుకి మూత పెట్టి, కాగితాన్ని చేతి దూరంలో పట్టుకుని, తల కాస్త వెనక్కి వాల్చి మరీ చూసుకున్నాడు. అప్పుడు తన మొహాన్ని ఎవరైనా ఫొటో తీసి ఉంటే, దాన్ని ఆఫీసు గోడకి తగిలించి కింద 'వ్యాధి మూలకారణం' అని రాయించేవాణ్ణని ఇప్పుడు తనే చెప్పుకుంటాడు.

జిల్లా క్యాన్సర్ నమోదు కేంద్రం అనగానే పేరుకి తగ్గ భవనం ఏదో ఉంటుందనుకోకండి. జిల్లా ఆస్పత్రి వెనక, పాత ఎక్స్‌రే ఫిల్ములు పడేసే రెండు గదులు. పని మాత్రం పెద్దదే. జిల్లాలో ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చింది, ఏ వయసులో వచ్చింది, ఏ ఊళ్లో, ఏ అలవాటున్నవాళ్లకి వచ్చింది అన్నది ఇల్లిల్లూ తిరిగి రాసుకురావాలి. ఏడాదికోసారి లెక్క తేల్చి పైకి పంపాలి. జబ్బు ఎటు నడుస్తోందో తెలిస్తే, ముందే వెళ్లి దానికి అడ్డం నిలబడవచ్చని ఆశ. ఈ కేంద్రంలో ధనంజయం క్షేత్ర నమోదు సహాయకుడు. తెలుగు ఎమ్మే. పెదగుల్లపాలెం మత్స్యకారుల పేటలో డిగ్రీ దాటిన మొదటి మనిషి. ఈ చివరి సంగతి అతను ఎవరికీ చెప్పడు గానీ, అందరికీ తెలిసేలా నడుస్తాడు.

రోగుల వివరాలు రాసే ఫారం పైనుంచి ఇంగ్లీషులో వచ్చింది. దాన్ని ముందుగా తెలుగు చేసింది సిస్టర్ సుగుణ. ఆవిడ ఇరవై ఏళ్లుగా తీరం వెంబడి తిరుగుతున్న నర్సు. పదిహేడో ప్రశ్నని ఆవిడ ఇలా రాసింది: 'చుట్ట గానీ బీడీ గానీ కాలుస్తావా? చుట్టయితే నిప్పు బయటికా, లోపలికా?'

ఆ రెండో ముక్క ఎందుకంటే, ఆ తీరంలో ఆడవాళ్లు చుట్ట తిరగేసి కాలుస్తారు. నిప్పున్న కొస నోట్లో, మామూలు కొస బయట. సముద్రం గాలికి ఆరిపోదు, తడి చేతులతో పట్టుకోనక్కర్లేదు, తలమీద గంపతో మైళ్లు నడిచినా నోట్లో వెచ్చగా ఉంటుంది. అడ్డపొగ అంటారు దాన్ని. నలభై ఏళ్లు అలా కాలిస్తే అంగిలి ఏమవుతుందో చెప్పడానికి పెద్ద డాక్టరు అక్కర్లేదు. సుగుణకి తెలుసు. ధనంజయానికి ఇంకా బాగా తెలుసు.

తెలుసు కాబట్టే సుగుణ రాసిన ప్రశ్నని కొట్టేశాడు. తల్లి పోయాక అతన్ని పెంచింది పెద్దమ్మ పోలమ్మ. చేపల గంప, చుట్ట, ఈ రెండూ లేకుండా ఆవిణ్ణి ఎవరూ చూడలేదు. కాలేజీ హాస్టల్లో మొదటి రోజున పక్క మంచం కుర్రాడు ఇతని దుప్పటి వాసన చూసి, "మీ ఇంట్లో చుట్ట ఎవరు కాలుస్తారు?" అని అడిగాడు. "ఎవరూ కాల్చరు," అన్నాడు ధనంజయం. ఆ రోజు నుంచి ఆ మాట ఎక్కడ వినపడినా అతనికి చెవులు ఎర్రబడతాయి. అలాంటిది, రాజముద్ర ఉన్న ప్రభుత్వ పత్రంలో, తన చేతిమీదుగా వెళ్లే కాగితంలో, చుట్ట.

ఎర్రసిరాతో అడ్డంగా గీత పెట్టి పైన రాశాడు: 'ధూమపాన వ్యసనము కలదా?'

"జనానికి తెలుస్తుందంటారా?" అంది సుగుణ.

"తెలియకపోతే తెలుసుకుంటారు సిస్టర్. ప్రభుత్వం దిగిపోకూడదు, ప్రజలు ఎక్కిరావాలి," అన్నాడు ధనంజయం. ఈ వాక్యాన్ని అతను ఆ సాయంత్రం ఇంట్లో భార్యకి కూడా చెప్పాడు.

కేంద్రం డైరెక్టరు డాక్టర్ కుప్పిలి సదాశివరావు ఆ ప్రశ్న చదివి, పెదవులు కదుపుతూ మళ్లీ చదివి, "భేష్. పత్రానికి గాంభీర్యం వచ్చింది," అన్నారు. ఆయన తెలుగు మీడియంలో చదవలేదు. అందుకని తనకి సగం అర్థమైన తెలుగంటే ఆయనకి అపారమైన గౌరవం.

ఫారాల కట్టతో ధనంజయం తీరం మీదికి వెళ్లాడు. మొదటి ఇల్లు కోటమ్మది. అంగిట్లో పుండు అని పెద్దాస్పత్రి చీటీ ఉంది ఆవిడ దగ్గర. ఇసకలో కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. పెదాల మధ్య నుంచి చుట్ట కొస బయటికి కనిపిస్తోంది, ముక్కులోంచి పొగ వస్తోంది.

"తమరికి ధూమపాన వ్యసనము కలదా?" అన్నాడు ధనంజయం.

కోటమ్మ చుట్ట తీసి, నుసి రాల్చింది. "ఏటడిగినావు బాబూ?"

"ధూమపానం. ధూమ, పానం."

"పేనమా? పేనం బాగానే ఉంది బాబూ. ఈ నోటి కాడే పుండు."

"ఆ ప్రాణం కాదమ్మా. పానం. పానం అంటే తాగడం."

"ఓలమ్మ, తాగుడా? ఇంటా వంటా నేదు. మా ముసిలోడు తాగి తాగే సచ్చినాడు. ఆడు పోయినాక కల్లు ముంతని గడప దాటనివ్వనేదు నాను. నేదని రాసుకో." ఆవిడ చుట్టని తిప్పి, నిప్పుని నోట్లోకి పెట్టుకుని, మళ్లీ చేపల మీదికి వంగింది.

ధనంజయం పెన్ను పట్టుకుని ఆగాడు. ఆగాడన్న మాట అతని పక్షాన చెప్పాలి. కానీ ఫారం వెనక నియమావళి ఉంది. అందులో పద్నాలుగో నిబంధన ఇది: 'ఉత్తరదాత తెలిపినది తెలిపినట్లు నమోదు చేయవలెను. నమోదుకర్త తన కంటికి కనబడినది, ముక్కుకు తగిలినది, మనసుకు తోచినది చేర్చరాదు.' ఇంతకంటే హాయైన నిబంధన ఉద్యోగికి ఇంకేం కావాలి? పొగలోంచి గడి వెతుక్కుని 'లేదు' అని రాశాడు. ఆ తర్వాత ఆగడం కూడా మానేశాడు.

ఏడాది తిరిగేసరికి లెక్క తేలింది. తీరప్రాంతంలో అంగిట క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లు నాలుగు వందల పన్నెండు మంది. అందులో ధూమపానం లేనివారు నాలుగు వందల తొమ్మిది మంది. మిగిలిన ముగ్గురిలో ఒకావిడ రిటైరైన టీచరు. మాట అర్థమైన మనిషి ఆవిడొక్కతే. తక్కిన ఇద్దరూ ఏ ప్రశ్నకైనా ఔననే రకం.

డైరెక్టరు ధనంజయాన్ని గదిలోకి పిలిచి తలుపు వేశారు. "ధనంజయం గారూ, లోకంలో ఎక్కడైనా ఈ జబ్బు పొగ తాగేవాళ్లకి వస్తుంది. మన జిల్లాలో తాగనివాళ్లకి వస్తోంది. దీని అర్థమేమిటి?"

దీని అర్థం ధనంజయానికి తెలుసు.

"మనం ఒక నూతన ఆవిష్కరణ యొక్క ముంగిట నిలబడి ఉన్నామని అర్థం," అన్నారు డైరెక్టరు. "దీనికొక పేరు పెట్టండి. గంభీరంగా ఉండాలి."

ఇక్కడైనా నోరు విప్పాల్సింది. అయితే, పేరు పెట్టమని అడిగారు కదా. ఎమ్మే చదివినవాణ్ణి పదం అడిగితే, నిజం చెప్పగలడా? ఈ కథ రాస్తున్నవాడికీ ఆ జబ్బు ఉంది కాబట్టి ధనంజయాన్ని ఇక్కడ ఎక్కువ తిట్టడం లేదు. ఒక పూటంతా ఆలోచించి, 'తూర్పుతీర అధూమ అంగిలి వ్యాధి' అని రాసిచ్చాడు. 'అధూమ' అన్న మాట తట్టినప్పుడు తన వీపు తనే తట్టుకున్నాడు. తెలుగు భాషా దినోత్సవం నాడు ఆస్పత్రి ఆవరణలో అతనికి శాలువా కప్పారు. డైరెక్టరు రాష్ట్ర సదస్సులో అరగంట ప్రసంగించి వచ్చారు. కాంట్రాక్టు మీదున్న ధనంజయాన్ని పర్మనెంటు చేయాలని ఫైలు కదిలింది.

వ్యాధి దొరికింది గనక కారణం వెతకాలి. ఏడుగురు నిపుణులతో సంఘం వేశారు. ఏడుగురూ రెండు కార్లలో తీరానికి వచ్చి, ఎండుచేపల వాసనకి జేబురుమాళ్లు అడ్డం పెట్టుకుని, పదకొండు నిమిషాలు పరిశీలించారు. ఆ పదకొండు నిమిషాల్లో వాళ్లకి స్పష్టంగా వినిపించింది ఒకటే. ఆడవాళ్లు అరుస్తున్నారు. చేపలమ్మాలంటే అరవాలి మరి. లెక్క తీస్తే, నాలుగు వందల పన్నెండు మంది రోగుల్లో గట్టిగా అరిచి చేపలమ్మేవారు నాలుగు వందల తొమ్మిది మంది. ఇదీ నాలుగు వందల తొమ్మిదే. అంకె అచ్చంగా కలిసేసరికి నిపుణులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. 'నిరంతర ధ్వని తరంగాల తాకిడి వలన అంగిలి యందు ఘర్షణ జనించి, తద్వారా వ్రణము ఏర్పడుచున్నది' అని నివేదిక ఇచ్చారు. తెలుగు ధనంజయానిదే.

ఆ నెలలోనే నిశ్శబ్ద మత్స్య విక్రయ పథకం మొదలైంది. చేపలమ్మే ప్రతి ఆడమనిషికీ ఒక ఇత్తడి గంట, మెడలో వేలాడేసుకోవడానికి 'చేపలు' అని రాసిన అట్ట ఇచ్చారు. ఆశా కార్యకర్తల చేతికి శబ్దం కొలిచే యంత్రాలు వచ్చాయి. ఆర్టీసీ బస్సుల వెనక 'నోరు మూయండి, నోరు కాపాడుకోండి' అని పోస్టర్లు అంటించారు.

పథకంలో రెండో భాగం ముందస్తు నమోదు. జబ్బు వచ్చాక రాసుకోవడం పాతపద్ధతి, రాబోయేవాళ్లని ముందే రాసుకోవడం నవీన పద్ధతి అన్నారు డైరెక్టరు. అరిచే అలవాటున్న ఆడవాళ్లందరినీ 'భావి కేసులు' అని నమోదు చేయాలి. ధనంజయం తన ఊరితో మొదలుపెట్టాడు. తన ఇంటితో మొదలుపెట్టాడు.

పోలమ్మ అరుగు మీద కూర్చుని వల దారాలు విప్పుతోంది. నోట్లో చుట్ట ఉండనే ఉంది. మెడలో గుర్తింపు కార్డు వేసుకుని ధనంజయం ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. పేరు, వయసు, నివాసం అడిగాడు. "నన్ను ఎరగవేటిరా?" అంది ఆవిడ నవ్వుతూ. పదిహేడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి అతను కాగితంలోంచి తల ఎత్తలేదు.

"ధూమపాన వ్యసనము కలదా?"

పోలమ్మ కాసేపు అతని నెత్తికేసి చూసింది. "నేదు బాబూ," అంది మెల్లగా. అతను రాసుకున్నాడు.

పథకం ఫలితాలు త్వరగానే కనిపించాయి. ఇంతకుముందు వీధి మలుపు తిరిగినప్పుడల్లా "సేపలోయ్" అని కేకెయ్యాలంటే చుట్ట బయటికి తియ్యాల్సి వచ్చేది. ఇప్పుడు గంట కొడితే చాలు. పొద్దున్న ముట్టించిన చుట్ట మధ్యాహ్నం దాకా నోట్లోంచి కదలడం లేదు. నోటి పరీక్షల శిబిరాల్లో చూస్తే, పుండుకి ముందు వచ్చే తెల్లమచ్చలు రెట్టింపయ్యాయి. డైరెక్టరు ఆ అంకెలు చూసి కుంగిపోలేదు. నిశ్శబ్దం మోతాదు చాలలేదని గ్రహించారు. సోమ, గురువారాల్లో ఇళ్లలో కూడా మాట్లాడకూడదని ఉత్తర్వు వచ్చింది. దానికీ మచ్చలు తగ్గకపోయేసరికి ఆస్పత్రిలో మౌన వార్డు తెరిచారు.

మౌన వార్డు నియమం సులభం. అంగిట్లో పుండుతో వచ్చినవాళ్ల ఫారం తీసి పదిహేడో గడి చూస్తారు. ధూమపానం 'కలదు' అని ఉంటే మర్నాడే ముక్క తీసి పరీక్షకి పంపి, ఆపరేషన్‌కి తేదీ ఇస్తారు. 'లేదు' అని ఉంటే నూట ఎనభై రోజులు మౌనం. మాటకి బదులు పలకా బలపం ఇస్తారు. వాళ్లలో చాలామందికి చదువు రాదు గనక పలక మీద చేప బొమ్మలు వేసుకునేవారు. వార్డులోంచి పొగ వస్తోందని కాపలా మనిషి ఫిర్యాదు రాశాడు. అతనికి పద్నాలుగో నిబంధన చూపించి జవాబిచ్చారు.

కోటమ్మ మౌన వార్డులో నూట ఆరో రోజున చనిపోయింది. ఆవిడ రికార్డుని మూసే పని ధనంజయానికి వచ్చింది. ఆఖరి గడిలో డ్యూటీ డాక్టరు 'రోగి సంపూర్ణ మౌనము సాధించినది' అని రాశాడు. ఆ భాష ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ధనంజయానికి తెలుసు. ఆ రోజు అతను భోజనం డబ్బా మూత తీయలేదు.

వారం తిరక్కుండా సిస్టర్ సుగుణ వచ్చి అతని బల్ల ముందు నిలబడింది. "మీ పెద్దమ్మ శిబిరానికి వచ్చారు. టార్చి వేసి చూశాను. అంగిట్లో పావలా కాసంత పుండు ఉంది. అంచులు గట్టిపడ్డాయి."

"రేపే పంపిద్దాం," అన్నాడు ధనంజయం లేచి నిలబడుతూ.

"ఎటు పంపిస్తారు? ఆవిడ ఫారంలో లేదని ఉంది. మౌన వార్డులో బెడ్ కేటాయించేశారు." సుగుణ గొంతు తగ్గించింది. "ఆ పుండుకి ఆరు నెలల టైం లేదు ధనంజయం గారూ. ఇప్పుడు తీస్తే తీసినట్టు. కోటమ్మ మొదట వచ్చినప్పుడు ఆవిడదీ ఇంతే ఉంది."

ధనంజయం సైకిలు మీద పెదగుల్లపాలెం వెళ్లాడు. పోలమ్మ అరుగు మీదే ఉంది. గంట పక్కన పెట్టి, మెడలో అట్ట అలాగే ఉంచుకుని, చుట్ట కాలుస్తోంది.

"పెద్దమ్మా, సుట్ట కాలుత్తావు కదా. ఆ రోజు నేనడిగితే లేదని ఎందుకు సెప్పినావు?" అన్నాడు. అతనికి తెలియకుండానే మాట మారిపోయింది.

"సుట్ట అని అడిగినావేటి నువ్వు?" అంది పోలమ్మ. "ఏదో పానం అడిగినావు. మెడలో బిళ్ల ఏసుకుని, మీరు మీరని, తల దించుకుని అడిగినావు. సుట్టంటే నీకు సిగ్గు గదరా దనంజీ. సదూకునీ రోజుల్నించీ నాకు తెల్దేటి? సెలవులకొచ్చి దుప్పటి రెండేసిసార్లు ఉతుక్కునీవోడివి. అందుకనే అడగనేదనుకున్నాను. నీకు ఏ మాట కావాలో అదే సెప్పినాను."

ధనంజయం అరుగు కింద ఇసకలో కూర్చుండిపోయాడు. సిగ్గుతో ఏడుపు వచ్చింది. ఇన్నాళ్లూ ఆ సిగ్గు ఆవిణ్ణి చూసి. ఇప్పుడు తనని చూసుకుని.

మర్నాడు డైరెక్టరు ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. మాట తనదనీ, ఎవరికీ అర్థం కాలేదనీ, ఆ ఆడవాళ్లంతా అడ్డపొగ తాగేవాళ్లేననీ, అది తనకి మొదట్నించీ తెలుసనీ. తన పెద్దమ్మ ఫారంలో ఆ ఒక్క గడి మార్చమనీ.

డైరెక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీ ఆవేదన నేను అర్థం చేసుకోగలను. కానీ ఒక గడి దిద్దితే మిగతావీ దిద్దవలసి వస్తుంది. నాలుగు వందల తొమ్మిది మంది నిర్దోషులైన స్త్రీలకు మనమే వ్యసనం అంటగట్టినట్లు అవుతుంది. ప్రభుత్వం వ్యసనములను మాన్పించవలెను గానీ అంటించరాదు కదా."

"సార్, వాళ్లు నిజంగానే కాలుస్తున్నారు."

"మీరు చూశారా?"

"చూశాను సార్."

"పద్నాలుగో నిబంధన," అన్నారు డైరెక్టరు, ఎంతో దయగా. "పైగా సోమవారం ప్రత్యేక కార్యదర్శి గారు మౌన వార్డు తనిఖీకి వస్తున్నారు. మీ పర్మనెంటు ఫైలు వారి సంచిలోనే ఉంది. నాలుగు రోజులు మౌనంగా ఉండండి. మన పథకం కూడా అదే కదా చెప్పేది."

సోమవారం మౌన వార్డు అద్దంలా తుడిచారు. నలభై మంచాలు, నలభై తెల్ల దుప్పట్లు, ఒళ్లో నలభై పలకలు. అప్పటికే తెచ్చి చేర్చేసిన పోలమ్మది మూడో మంచం. కార్యదర్శి వెంట డైరెక్టరు, ఆయన వెంట ఏడుగురు నిపుణులు, చివర ఫైళ్లు మోస్తూ ధనంజయం. కార్యదర్శి పోలమ్మ దగ్గర ఆగారు.

"అమ్మా, తమరి ఆరోగ్య పరిస్థితి యందు ఏమైనా అభివృద్ధి గోచరించుచున్నదా?"

పోలమ్మ ఆయన వంక కళ్లార్పకుండా చూసింది. డైరెక్టరు చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుని, "సంపూర్ణ సహకారం సార్," అన్నారు. కార్యదర్శి సంతోషించి పక్క మంచం వైపు కదిలారు.

ధనంజయం చివర్నుంచి ముందుకి వచ్చాడు. ఫైళ్లు కిటికీ గట్టు మీద పెట్టాడు. పర్మనెంటు ఉద్యోగం అటు పోతోంది, పెద్దమ్మ ఇటు పోతోంది. ఆఫీసు తెలుగులో అయితే నోరు పెగలదని అతనికి తెలుసు. పేటలో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"పెద్దమ్మా, సుట్ట కాలుత్తావేటి?"

వార్డంతా అతని వైపు తిరిగింది. పోలమ్మ డైరెక్టరు వేలుకేసి చూసింది, ధనంజయం మొహంకేసి చూసింది. అతను తల దించుకోలేదు.

"కాలుత్తాను," అంది.

"రోజుకి ఎన్ని?"

"ఇంటి కాడ ఎనిమిది. ఈ మూగగదికొచ్చినాక పన్నెండు. మాటల్నేవు, మరేటి సేత్తాం?"

"నిప్పు ఎటు?"

"నోట్లోకే. అడ్డపొగే." ఆవిడ తలగడ కింద నుంచి చుట్టల కట్ట తీసి, సాక్ష్యంగా దుప్పటి మీద పెట్టింది.

"నానూ అంతే బాబూ," అంది నాలుగో మంచం. "నాకు పది," అంది ఏడో మంచం. "మా యమ్మ నేర్పినాది. ఎవులడిగినారు గనక?" అంది కిటికీ పక్క ఆవిడ. నూట ఎనభై రోజుల మాటలు ఒక్కసారి వచ్చి పడ్డాయి. తలగడల కింద నుంచి చుట్టలు బయటికి వస్తున్నాయి. సిస్టర్ సుగుణ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కటీ రాసుకుంటోంది.

కార్యదర్శి చెయ్యెత్తారు. నెమ్మది మీద అడిగారు. "డాక్టరు గారూ, నేను ఈ వార్డులోకి వచ్చేటప్పటికి ఇందులో ధూమపానం చేసేవారు ఎందరు?"

"సున్నా సార్."

"ఇప్పుడు?"

డైరెక్టరు మంచాలకేసి చూశారు. "నలభైకి నలభై సార్."

"ఎంత సమయంలో?"

"నాలుగు నిమిషాల్లో సార్."

కార్యదర్శి ధనంజయం వైపు తిరిగారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత వేగంగా వ్యసనం వ్యాపింపజేసిన ఉద్యోగిని ఆయన ఎరగరు. అక్కడికక్కడే మినిట్స్ రాయించారు: 'శ్రీ సూరాడ ధనంజయం అను ఉద్యోగి అనధికారికముగా వేసిన ప్రశ్న కారణమున వార్డు నందు ధూమపానము నూరు శాతమునకు పెరిగినది. ఇట్టి ప్రమాదకరమైన ప్రశ్నను ఇకపై ఎవరూ అడుగరాదు. వ్యసనపరులకు మౌన వార్డు నందు స్థానము లేదు గనక రోగులందరినీ తక్షణమే ఖాళీ చేయించి, నిబంధనల ప్రకారము శస్త్రచికిత్స విభాగమునకు తరిమివేయవలెను.'

తరిమేశారు. ఆ మధ్యాహ్నమే నలభై మందికీ ముక్క పరీక్షలకి చీటీలు రాశారు. ధనంజయం ఆ వరండాలో గోడకి ఆనుకుని, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాడు.

పోలమ్మకి ఆపరేషన్ అయింది. అంగిలిలో సగం తీసేశారు. దాని స్థానంలో ప్లేటు అమర్చేదాకా మాట రాదన్నారు, కానీ బతుకుతుందన్నారు. నలభై మందిలో ముప్పై ఒక్కమందికి ఆపరేషన్ చేయగలిగారు. తొమ్మిది మందికి ఆలస్యమైపోయింది.

పర్మనెంటు ఫైలు వెనక్కి వెళ్లింది. దాని బదులు ధనంజయానికి మెమో వచ్చింది. అతని సమక్షంలో ధూమపానం సున్నా నుంచి నూరు శాతానికి పెరగడానికి గల కారణాలను మూడు రోజుల్లో సవివరముగా తెలియజేయాలి. ఆస్పత్రిలో పెద్దమ్మ మంచం పక్క స్టూలు మీద కూర్చుని అతను సంజాయిషీ రాశాడు. 'మహారాజశ్రీ' అని మొదలుపెట్టి రెండు పేజీలు నింపాడు. చాలా బాగా వచ్చింది. ఎప్పటిలాగే చేతి దూరంలో పట్టుకుని చూసుకున్నాడు. ముక్కులో గొట్టంతో పడుకున్న పోలమ్మ, చదవమని చేత్తో సైగ చేసింది.

చదివాడు. మొదటి వాక్యం అయ్యేసరికే ఆవిడ మొహంలో అరుగు మీద ఆ రోజు చూడకుండా వదిలేసిన చూపు కనిపించింది. ఏమీ అర్థం కాకపోయినా, బిడ్డ కోసం ఔననడానికి సిద్ధంగా ఉన్న చూపు. ధనంజయం చదవడం ఆపి కాగితాలు చింపేశాడు. ఇంకోటి రాశాడు. రాసి చదివాడు, ఆవిడకి తెలియని మాటలు కొట్టేశాడు, మళ్లీ చదివాడు. ఐదోసారికి పోలమ్మ తల ఊపింది. చెయ్యి చాపి అతని బుగ్గ నిమిరింది.

ఆ కాగితంలో ఉన్నది ఇంతే:

'అయ్యా, పొగ నేను పెంచలేదు. ఎప్పట్నించో ఉంది. మా ఇంట్లోనే ఉంది. చుట్ట కాలుస్తావా అని మా వాళ్లని అడగడానికి నేను సిగ్గుపడ్డాను. నేను సిగ్గుపడినన్నాళ్లూ వాళ్ల నోట్లో పుండు పెరిగింది. కోటమ్మ అనే ఆవిడ చచ్చిపోయింది. ఇంకా తొమ్మిది మంది చచ్చిపోతారు. తప్పు నాది.'

వారానికి అది తిరిగి వచ్చింది. అంచు మీద డైరెక్టరు చేతిరాత ఉంది: 'విషయము పరిశీలించబడినది. భాష ప్రభుత్వ స్థాయిలో లేదు. తగురీతిన సంస్కరించి తిరిగి సమర్పించవలెను.'

ధనంజయం ఒక్క అక్షరం మార్చకుండా మళ్లీ పంపాడు. ఇప్పటికి నాలుగుసార్లు తిరిగి వచ్చింది. నాలుగుసార్లూ అలాగే పంపాడు.